దుబాసి మింగేసిన మాట

జూన్ 2

నన్ను ఇక్కడికి పంపడం శిక్ష కాదు. మేనేజరు అడగకుండానే ఆ మాట రెండుసార్లు అన్నాడు, కాబట్టి కాదనే అనుకుంటున్నాను. పోయిన నెల ఒక ఆసుపత్రి డైరెక్టరును పదిమందిలో "మీకు చెవులు పనిచేస్తున్నాయా" అని అడిగిన మాట నిజమే. అలారం మోగుతుంటే ఆయన దాని మీద తువ్వాలు కప్పించాడు. మరి ఇంకేం అడగాలి? అయినా దానికీ దీనికీ సంబంధం లేదట. ఈ దేశంలో ఒక పెద్దాసుపత్రి పసిబిడ్డలను వెచ్చగా ఉంచే మా కంపెనీ వార్మర్లు కొన్నది. నర్సులకు శిక్షణ ఇవ్వడానికి మాటకారి మనిషి కావాలి. నేను మాటకారిని. అంతే.

గది ఆసుపత్రికి ఎదురుగానే, రెండో అంతస్తులో. కిటికీ తెరిస్తే లాండ్రీ వెనకగోడ, గోడలోంచి బయటికొచ్చిన గొట్టం, గొట్టంలోంచి ఆగకుండా ఆవిరి. తలుపు గడియ పడాలంటే భుజంతో నెట్టాలి. ఫరవాలేదు, నేను నెట్టగలను.

నాకు కుదిర్చిన దుబాసి బయటే ఎదురుచూస్తోంది. నాకంటే పెద్దది, నెరిసిన జుట్టు, నలగని కోటు. ఒకప్పుడు మా దేశం వచ్చి నర్సింగు చదివిందట. హాస్టల్లో ఆడపిల్లల మధ్య ఉండి మన భాష నేర్చుకుంది, అందుకే ఆవిడకు "మీరు" అన్న మాటే రాదు. ఇక్కడి డ్రైవరుతో నడుం వంచి, గొంతు తగ్గించి, మాట మాటకీ ఆగుతూ మాట్లాడింది. నా వైపు తిరిగి, "ఏమే, పెట్టె బరువా? ఇటియ్యి" అంది.

నచ్చింది నాకు.

జూన్ 3

మొదటి క్లాసు బ్రహ్మాండంగా జరిగింది.

పసిబిడ్డల వార్డుకు ఆనుకుని ఉన్న సామాన్ల గదిలో కుర్చీలు వేశారు. ముందు వరసల్లో నర్సులు, వెనక చేతులు కట్టుకుని పెద్దనర్సు. వార్మర్‌ను మధ్యలోకి లాగి, రబ్బరు బొమ్మను పడుకోబెట్టి, ఎప్పటిలాగే మొదలుపెట్టాను. వేడి పైనుంచి వస్తుంది. బిడ్డ పొట్ట మీద స్టిక్కరుతో అంటించిన తీగ ఒంటి వేడి ఎంతో మిషనుకు చెబుతుంది. స్టిక్కరు ఊడితే తీగ గాలిలో వేలాడుతుంది. బిడ్డ చల్లబడ్డాడనుకుని మిషను వేడి పెంచుతూ పోతుంది. అలారం మోగేది అందుకే. మీరు ఆ అలారం నోరు నొక్కేసి, తీగ చూడకుండా వెళ్ళిపోయారో, బిడ్డ ఉడికి చచ్చిపోతాడు. సరిగ్గా ఇవే మాటలన్నాను. మా దగ్గర ఈ మాటకి గది గదంతా బిగుసుకుపోతుంది. దుబాసి నా వెనకే మెత్తగా చెప్పుకుంటూ వచ్చింది. ఇక్కడివాళ్ళు నెమ్మదిగా తలలూపారు. ఒకమ్మాయి చిన్నగా నవ్వింది కూడా.

అర్థమైందా అన్నాను. అయిందన్నారు, అందరూ ఒకే గొంతుతో. ఇంత బుద్ధిమంతుల్ని నేనెక్కడా చూడలేదు.

జూన్ 4

ఇంటికి ఫోన్ చేసి మా పాపతో మాట్లాడాను. హాస్టలున్న కాలేజీలో సీటు ఖాయమైంది కదా, వచ్చే నెల చేరాలి, దుప్పట్లూ అవీ నాన్నతో వెళ్ళి కొనుక్కోమన్నాను. సరే అంది. చాలా సంతోషంగా ఉందని మా ఆయన చెప్పారు.

జూన్ 6

ఈ క్లాసు కొంచెం తడబడింది. కంపెనీ వీడియో వల్ల. వీడియోలో ఒక చిన్న నర్సు పెద్ద డాక్టరు మొహం మీద వేలు చూపించి, ఆగండి, తీగ ఊడింది అంటుంది. మా దగ్గర దానికి చప్పట్లు కొడతారు. ఇక్కడ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. ఎందుకే నవ్వుతున్నారని దుబాసిని అడిగితే, ఆ పిల్లకి రేపటి నుంచి ఉద్యోగం ఉండదు కదా అని, అంది.

తర్వాత ప్రశ్నలు వేశాను. ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఒకమ్మాయిని పేరు పెట్టి లేపితే మెడ దాకా ఎర్రబడి, నేలకేసి చూస్తూ నిలబడింది. సరే, పెద్దావిడ చెబితే ధైర్యం వస్తుందని పెద్దనర్సును అడిగాను. ఆవిడ నా వైపు చక్కగా నవ్వి, వార్డులో ఏదో పనుందని బయటికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు.

పెడసరం మనిషి. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను.

జూన్ 7

శిక్షణ ఎలా ఉందని కాగితాలిచ్చి రాయమంటే అందరూ "అత్యుత్తమం" అన్నదాని మీదే గీత పెట్టారు. ఒక్కరు కూడా కింది గడి జోలికి పోలేదు. మేనేజరుకు పంపాను. వెంటనే మెచ్చుకుంటూ జవాబు. ఆ డైరెక్టరు సంగతి ఇక మర్చిపోవచ్చన్నాడు.

అంటే శిక్షే అన్నమాట.

జూన్ 10

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం వార్డులో మిషన్లు సరిచూడ్డానికి వెళ్ళాను. నేను వార్డు లోపలికి పోవడం అదే మొదలు. మా దగ్గర ఈ గదిలోకి నర్సులు తప్ప ఎవరూ రారు. ఇక్కడ ప్రతి వార్మర్ పక్కనా ఒక బల్ల, బల్ల మీద తల్లి. పగలంతా అక్కడే కూర్చుంటారు, వాళ్ళే ఎత్తుకుంటారు, పాలిస్తారు, మళ్ళీ పడుకోబెడతారు. ఎత్తుకున్నప్పుడల్లా స్టిక్కరు ఊడుతుంది. ఊడినప్పుడల్లా అలారం. అలారం వింటే తల్లి ఏడుపు లంకించుకుంటుంది, ఆమెను చూసి పక్కామె, అలా గదంతా. అందుకని నర్సు పరుగున వచ్చి ముందు బొత్తాం నొక్కేస్తుంది. గది సద్దుమణుగుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

కిటికీ పక్కన ఉన్న తల్లి, చాలా చిన్నది, బిడ్డను పడుకోబెట్టి దుప్పటి సర్దింది. అలారం మోగింది. నా క్లాసులో నవ్విన నర్సే వచ్చి నొక్కింది, తల్లి భుజం నిమిరింది, వెళ్ళింది. నేను గదికి అటు చివర ఇంకో మిషను కింద వంగి ఉన్నాను. లేచి వచ్చేసరికి బిడ్డ దానిమ్మగింజ రంగులో ఉన్నాడు. తీగ దుప్పటి పైన పడి ఉంది. ఏడవడం కూడా లేదు వాడు, నోరు తెరిచి ఆయాసపడుతున్నాడు.

వేడి ఆపేశాను. డాక్టరొచ్చాడు. పక్కగదికి తీసుకుపోయారు. సాయంత్రానికి జ్వరం దిగింది, పాలు తాగాడు. బతికాడు. బతికాడు.

ఆ తర్వాత నర్సును నడవలోకి పిలిచాను. క్లాసులో నీకేం చెప్పాను, నేను చెప్పింది నాకు మళ్ళీ చెప్పు, అన్నాను. ఆ పిల్ల ఏదో చెప్పింది. దుబాసి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. చెప్పవే అన్నాను. గోడకేసి చూస్తూ చెప్పింది.

"తీగ ఊడితే బిడ్డ కాస్త అలసిపోతాడని చెప్పావు కదా, కాస్త అలసట అయితే తల్లిని ఊరడించాక చూద్దామనుకున్నాను, అంటోంది."

"అలసిపోతాడని నేనెప్పుడన్నాను?"

 

జూన్ 11

పొద్దున మెట్ల మీద పట్టుకున్నాను. ఆసుపత్రి వెనక ఇనప మెట్లు, సిగరెట్లకు తప్ప ఎవరూ రారు. కడిగేశాను. నాకు జీతం ఇచ్చేది ఆ ఒక్క మాటకేనని, దాన్ని మింగేసే హక్కు ఆమెకెవరిచ్చారని అడిగాను. తల వంచుకుంటుందనుకున్నాను. తన భాషలో అయితే వంచుకునేదేమో. మన భాషలో మాత్రం నా మీదికి లేచింది.

"నువ్వన్నది అన్నట్టు చెబితే ఏమయ్యేదో తెలుసా నీకు? బిడ్డలున్న చోట ఆ మాట ఎవరూ ఎత్తరు. నీ ముందు తలూపి, నువ్వు పోయాక ఆ మిషన్లను గోడవారకి తోసేసేవాళ్ళు. అందుకని నీ మాటకి కాస్త బట్టలు తొడిగాను."

"బట్టలు తొడగలేదు. నా మాటని దాచేసి, దాని చోట ఇంకోదాన్ని నిలబెట్టావు."

"నువ్వేం చెప్పినా చెంప మీద కొట్టినట్టుంటుందే. అది తెలుసా నీకు?"

"కొట్టినట్టే ఉండనీ. బిడ్డ బతుకుతాడు."

"నిన్న బతికింది మాట వల్లేనా మరి?" అంది.

కాదు, నేనా గదిలో ఉండబట్టి.   ఒకరికొకరం క్షమాపణ చెప్పుకోలేదు, చెప్పుకోం కూడా. చివరికి తనే కింది మెట్టు మీద కూర్చుని, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

జూన్ 12

రోజంతా ఒకే ఒక్క మాట కోసం, 'చచ్చిపోతాడు' బదులు వాడటానికి. తన భాషలో పాతిక మాటలు చెప్పింది, నేను ఒక్కోదానికీ అర్థం అడిగాను. ఇది మరీ మెత్తన. ఇది తిట్టు. ఇది పశువులకు వాడతారు. సాయంత్రానికి ఒకటి దొరికింది. చెయ్యి దాటిపోవడం అంటాం చూడు, దానికి దగ్గర. ఇకమీదట ఎవరి చేతికీ అందడు, అని. చావు అన్న మాట అందులో లేదు, కానీ విన్నవాళ్ళెవరూ నవ్వరు.

జూన్ 13

పెద్దనర్సు దగ్గరికి దుబాసి నన్ను తీసుకెళ్ళింది. క్లాసుకు కాదు. ఉతికిన బట్టలు మడతపెట్టే గదికి, మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు. పెద్దనర్సు దిండుగలీబులు మడతపెడుతోంది. మాట్లాడకుండా నేనూ ఒక చివర పట్టుకున్నాను. కొన్ని మడతలయ్యాక ఆవిడే మొదలుపెట్టింది. దుబాసి ఆ మాటలు చెప్పేటప్పుడు నా మొహమే చూస్తోంది, ఈసారి ఏమీ దాచడం లేదని తెలియడానికి.

"మా పిల్లలందరి ముందూ నన్ను అడిగావు. నాకు తెలియకపోతే నేనేమైపోవాలి? వాళ్ళు రేపు నా మాట వింటారా?"

ఆవిడ నన్ను నువ్వన్నదో మీరన్నదో నాకు తెలిసే దారి లేదు, మా దుబాసికి ఉన్నది ఒకటే కాబట్టి. ఏదైనా ఆ మాట న్యాయం.

నేనూ ఊరుకోలేదు. మీ గౌరవం కోసం ఆగితే ఆ కిటికీ పక్క బిడ్డ ఏమయ్యేవాడని అడిగాను. ఆవిడ చేతులు ఆగాయి. దుబాసి పదం మార్చకుండానే చెప్పిందన్నమాట. అప్పుడడిగాను, నాకు మొదటి విద్యార్థి మీరే అవుతారా, తలుపు వేసుకుని, మనం ముగ్గురమే. మీకు వచ్చాక మీరే వాళ్ళకు చెప్పండి. నేను మూల కూర్చుంటాను.

మూల కూర్చోవడం అన్న మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

జూన్ 16

పెద్దనర్సు క్లాసు చెప్పింది.

నేను మూల కూర్చున్నాను. అంత కష్టమైన పని ఈ మధ్య చేయలేదు. ఆవిడ చెప్పే వేగం చూస్తే నత్తకు కూడా విసుగొస్తుంది. వీడియో తీసేశాం. అర్థమైందా అని ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్నకి ఇక్కడ ఒకటే జవాబు, అది మర్యాద. దానికి బదులు నేను లేచి తప్పులు చేశాను. స్టిక్కరు బొమ్మ దుప్పటికి అంటించాను. అలారం నొక్కేసి జడ సవరించుకుంటూ వెళ్ళిపోయాను. ఎవరైనా నన్ను ఆపండి అని పెద్దనర్సు వాళ్ళకి చెప్పింది. పరదేశి మనిషిని, అందులోనూ తప్పు చేయడానికే లేచిన మనిషిని ఆపితే పరువు ఎవరిదీ పోదు. మొదట గొణిగారు. తర్వాత ఇద్దరు లేచారు. చివరికి ఆ నవ్విన పిల్ల వచ్చి నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా. ఎర్రగా గుర్తు పడింది.

చెయ్యి దాటిపోతాడు అన్న మాట ఆవిడ ఒక్కసారే అంది. గది బిగుసుకుంది.

జూన్ 17

కానీ తల్లుల సంగతి? స్టిక్కరు ఊడేది వాళ్ళ చేతుల్లో. నర్సు వచ్చేలోపు బిడ్డ పక్కన ఉండేది వాళ్ళే. వాళ్ళకు చెప్పకుండా నర్సులకు ఎన్ని చెప్పినా కిటికీలు మూసి తలుపు తెరిచి పెట్టినట్టే. మేనేజరుకు ఫోన్ చేశాను. ఇంకొన్నాళ్ళు ఉంటాను, తల్లులకు కూడా నేర్పాలి, అన్నాను.

కుదరదన్నాడు. తల్లులు మనకు కొనుగోలుదారులు కాదు, ఆసుపత్రి కొనుగోలుదారు. వాళ్ళకు నేర్పితే వాళ్ళు మిషను ముట్టుకుంటారు, ఏదైనా జరిగితే కంపెనీ మీదికొస్తుంది. శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టి వచ్చెయ్యండి, ఇంటి దగ్గరే మంచి పోస్టు చూసి పెట్టాను. ఇదీ సారాంశం. ఎంత మర్యాదగా చెప్పాడంటే, దుబాసి పక్కనుంటే ఒక్క ముక్క కూడా మార్చాల్సిన అవసరం ఉండేది కాదు.

"సార్, వాళ్ళు ఇప్పటికే ముట్టుకుంటున్నారు" అన్నాను.

"అది మనం నేర్పింది కాదు కదా" అన్నాడు.

అంటే నేర్పకుండా ముట్టుకుంటే మనకి క్షేమం, నేర్పితే ప్రమాదం. ఈ మాట అతనితో అన్నాను కూడా. 

జూన్ 18

సంతకం పెట్టలేదు.

జూన్ 19

ఇవాళ ఆసుపత్రి గురించి రాయను.

పొద్దున ఇంటికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తారు. దుప్పట్లు కొన్నారా అన్నాను. కొంటాంలే అన్నారు. పాప ఏమంటోంది అంటే, నిన్నే తలుచుకుంటోంది, కాలేజీ గురించి చాలా ఉత్సాహంగా ఉంది, అన్నారు. ఆ "చాలా" వినగానే ఏదో తట్టింది. ఈ పక్షం రోజులుగా నేను చెవులు రిక్కించి వింటున్నది ఇదే కదా, వెనక నుంచి మెత్తగా వచ్చే గొంతు.

"ఏమండీ, పాప ఏమందో అదే చెప్పండి. మీరు కలిపిన చక్కెర తీసేసి చెప్పండి."

ఆయన చాలాసేపు నీళ్ళు నమిలారు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, మాటల్లో మాత్రం కూడిక తప్ప తీసివేత రాదు. ఆఖరికి ఫోను పాపకే ఇచ్చేశారు.

నేను సరేనా అని అడగలేదు. నాకు కాలేజీల గురించి ఏమీ తెలియదనుకో, నేనెక్కడ తప్పు చేశానో చెప్పు, అన్నాను. ఇక్కడ పనిచేసిన ఉపాయమే.  అప్పుడు వచ్చింది జవాబు.

"హాస్టలుకి నేను వెళ్ళనమ్మా. నువ్వు నన్నెప్పుడూ అడగలేదు. 'సరేనా' అని నువ్వే అంటావు, 'సరే' అని నువ్వే వింటావు. నువ్వు ఊళ్ళో లేకపోయినా నాకు ఇల్లే కావాలి. నాన్నతో ఎన్నిసార్లు చెప్పానో. నాన్న నీతో చెప్పలేదా?"

అదేం మాటతీరే అనబోయాను. ఎలాగో మింగాను. ఈ కుటుంబంలో మాటలు మింగడం నాకే రాదనుకున్నాను.

నేనేమీ ఓడిపోలేదు. ఆలోచిస్తానన్నాను, అంతే. సీటు మంచిది. అంత సులభంగా దొరికేది కాదు. పాపకు పదహారేళ్ళు, దానికేం తెలుసు.

దానికి తెలుసు, బహుశా.

జూన్ 20

తల్లులతో మొదలుపెట్టాను. ఎవరినీ అడగలేదు. పెద్దనర్సుకు చెప్పాను, అడగలేదు. ఆవిడ దిండుగలీబుల లెక్క చూసుకుంటూ, వార్డులో మాట్లాడుకునే తల్లులను ఆపడం తన పని కాదంది. అంటే ఏమిటే అని దుబాసిని అడిగితే, కానియ్యమని, అంది.

క్లాసూ లేదు, కుర్చీలూ లేవు. కిటికీ పక్క తల్లి బల్ల మీదే కూర్చున్నాను. బిడ్డ వెనక్కి వచ్చేశాడు, ఎంచక్కా నిద్రపోతున్నాడు. ఆమె నన్ను చూడగానే మొహం తిప్పుకుంది. తప్పు తనదేనని ఎవరో చెప్పారట. ఎవరూ చెప్పకపోయినా తల్లులు అలాగే అనుకుంటారేమో. తప్పు నీది కాదు, నీకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను, అన్నాను. దుబాసి ఆ మాటను నేనన్న దానికంటే కాస్త పొడుగ్గా చెప్పింది. ఏం కలిపావే అంటే, నీతోపాటు నేనూ ఉన్నానని చెప్పాను, అంది.

అలారం కావాలని మోగించి చూపించాను. మూడుసార్లు మోగేసరికి ఏడవడం ఆపారు. నాలుగోసారికి ఒకామె విసుక్కుంది. విసుగు మంచిది. భయపడే మనిషి కళ్ళు మూసుకుంటుంది, విసుగొచ్చిన మనిషి తీగ ఎక్కడ ఊడిందా అని చూస్తుంది. బొత్తాం ముట్టుకోవద్దు, తీగ పొట్ట మీద ఉందో లేదో చూడు, లేకపోతే అరిచి నర్సును పిలువు. అరవడం దగ్గర ఆగిపోయారు. ఇక్కడ ఆడవాళ్ళు అరవరట.

నేర్చుకుంటారు, అన్నాను.

జూన్ 21

కాలేజీ సీటు వదులుకుంటున్నామని ఆయనకు చెప్పాను. పాపకు ఇప్పుడే చెప్పొద్దన్నాను, నేనే చెప్పాలి. చెప్పేసే ఉంటారు.

జూన్ 23

ఎవరు చేరవేశారో, మేనేజరుకు తెలిసింది. ఆజ్ఞాపత్రం వచ్చింది. ఈరోజు నుంచి ఆసుపత్రిలో కంపెనీ తరఫున నేను ఏమీ కాను. మెడలో కార్డు ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చెయ్యాలి. గది రేపటి వరకే. తిరిగి రాగానే విచారణ. నా బదులు మనిషిని పంపరట, వీడియోకే ఇక్కడి భాషలో గొంతు కలిపించి పంపుతారట. ఆ వేలు చూపించే నర్సు, ఇకమీదట వీళ్ళ భాషలోనే వేలు చూపిస్తుంది.

కింద గీత గీసి ఉంచారు, శిక్షణ సంపూర్ణంగా పూర్తయినదని నేను సంతకం చేయడానికి. ఆ ఒక్క సంతకం చేస్తే విచారణ ఉండకపోవచ్చని ఫోనులో విడిగా చెప్పాడు.

"పూర్తి కాలేదు సార్. కానిదాన్ని అయిందని ఎలా పెట్టను?"

"అందరూ 'అత్యుత్తమం' అని రాసిచ్చారు కదండీ."

"అది వాళ్ళు నాకు చూపించిన మర్యాద సార్. నేర్చుకున్నట్టు కాదు. ఆ కాగితాలు చూసి మురిసిపోయిన దాన్ని, నాకు తెలుసు."

ఉద్యోగం మీద ఆశ లేదా అన్నాడు. ఉంది. చాలా ఉంది. ఇంటి అప్పు కాదు, పేరు కాదు, ఈ పని అంటే నాకు ఇష్టం. అది అతనితో ఎందుకనలేదో తెలియదు. నాకు రావాల్సిన సెలవు మిగిలి ఉంది, అది ఇక్కడే వాడుకుంటానని మాత్రం చెప్పాను. సెలవులో అక్కడేం చేస్తారన్నాడు. చుట్టపుచూపు అన్నాను.

కోపంతో నోటికొచ్చిన మాట. కానీ పెట్టేశాక చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని అదే ఆలోచించాను.

జూన్ 24

పెట్టె దుబాసి ఇంటికి చేర్చాను. ముందుగది ఇచ్చింది. పరుపు లేదు, బల్ల ఉంది. "పడుకుంటావా, ఏడుస్తావా?" అంది. రెండూ కాదన్నాను.

జూన్ 25

సందర్శకుల వేళ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. లోపలికి పోవాలంటే రోగికి బంధువు అయ్యుండాలి. గేటు దగ్గర మనిషి నన్ను ఎరుగును, మొన్నటిదాకా రోజూ నమస్కారం పెట్టినవాడే. నా బోసి మెడ చూశాడు. కార్డు ఏదన్నాడు. ఇచ్చేశానన్నాను. అయితే లోపల ఎవరికి ఏమవుతారు, అన్నాడు.

దుబాసి నా వైపు చూసింది. ఏం చెప్పమంటావే, అని. అబద్ధమాడటం ఆమెకు కొత్త కాదు, నాకు కొత్త. కానీ ఆలోచించేలోపే కిటికీ పక్క తల్లి నడవలోంచి వచ్చింది, బిడ్డ భుజం మీద. గొంతెత్తి ఏదో అంది. నిజంగా గొంతెత్తి. నడవలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఏమంటోంది?"

"మా అక్క, లోపలికి రానీ, అంటోంది."

"ఎవరు, నువ్వా?"

"నువ్వే."

గేటు మనిషి నన్ను చూశాడు, ఆమెను చూశాడు. మా ఇద్దరికీ పోలికలు వెతకడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. చెప్పులు విప్పి పోండి అన్నాడు.

వార్డులో మూల బల్ల మీదికి కొత్త తల్లి వచ్చింది, పొద్దున్నే చేరిందట. కిటికీ పక్క తల్లి నన్ను నా దారిన వదిలేసి నేరుగా ఆమె దగ్గరికి పోయింది. తన బిడ్డను నా చేతుల్లో పెట్టి, ఆమెకు తీగ చూపించి నేర్పడం మొదలుపెట్టింది. నేను వాడిని ఎత్తుకుని నిలబడి దుబాసిని అడిగాను, ఏం చెబుతోంది? ఒక్కో మాటా చెప్పింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. స్టిక్కరు ఊడితే మళ్ళీ అదే అంటించమంటోంది. చెమటకు తడిసిన స్టిక్కరు అంటుకోదు, కొత్తది నర్సును అడగాలి.

"తప్పు చెబుతోంది. ఆపు."

"అందరి ముందా?" అంది దుబాసి.

"అందరి ముందే. కానీ నువ్వు చెప్పే పద్ధతిలో చెప్పు. మాట మాత్రం మార్చకు."

చెప్పింది. కిటికీ పక్క తల్లి నా వైపు తిరిగింది. తలూపలేదు. నవ్వలేదు. సరే అనలేదు. నా దగ్గరికొచ్చి, ఊడిన తడి స్టిక్కరొకటి నా ముంజేతికి అంటించి, వేలితో అదిమి, చూడు అంటుకుంది కదా అన్నట్టు మొహం పెట్టింది. ఇద్దరం కలిసి దాన్నే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఒక అంచు లేచింది. తర్వాత రెండోది. ఊడి నేల మీద పడింది.

ఆమె దుబాసితో ఏదో అని, కొత్త తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఏమంది?"

"ముందే ఎందుకు చెప్పలేదు ఈ మాట, అంటోంది. తిడుతోందే నిన్ను."

"మొత్తం చెప్పు" అన్నాను. "ఏదీ తీసేయకుండా."